విమానం కాలు స్తంభం కాదండీ, కమాను

పంపుసెట్టు గాలి ఎందుకు పీలుస్తోంది, ట్రాక్టరు క్లచ్చు ఎందుకు జారుతోంది: ఈ శీర్షికకు ఇన్నాళ్లూ వచ్చిన ఉత్తరాలు ఇలాంటివే. రెండు నెలల కిందట ఏదో జవాబు రాస్తూ, పద్దెనిమిదేళ్లు ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా చేశాననీ, ఇప్పుడు రావులపాలెంలో వర్క్‌షాపు వెనక షెడ్డులో ఓ చిన్న విమానం కట్టుకుంటున్నాననీ నోరు జారాను. అంతే. గోదావరికి ఇటూ అటూ ఇంతమంది గుట్టుగా విమానాలు కడుతున్నారని నాకు తెలీదండి. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చక్రాల కాళ్ల గురించే. అందుకని ఈ నెల పంపుసెట్లకు సెలవు.

ప్రశ్న: మాస్టారూ, మా కొబ్బరితోటలో షెడ్డు వేసి నేనూ మా బావమరిదీ రెండు సీట్ల విమానం కడుతున్నాం. ప్లాన్లు కొన్నవే. మనుషులతో, పెట్రోలుతో కలిపి 450 కిలోలు, రెక్క వైశాల్యం 12 చదరపు మీటర్లు, తోక చక్రం రకం. కాళ్లకు 6150 అనే స్ప్రింగు స్టీలు పట్టీ వాడమని ప్లాన్లో ఉంది. మాకు తెలిసిన కమాన్ పట్టీల షాపాయన, 'లారీ కమాను పట్టీ కోసి వంచి ఇచ్చేస్తాను, మీ మనవల దాకా తిరుగుండదు' అంటున్నాడు. చేయించేయమంటారా?
(ఒక పాఠకుడు, అంబాజీపేట)

వద్దండి. అయితే ఆయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ఆలోచన సరైనదే, వాడదామన్న ముక్క సరైంది కాదు.

ముందు కాలు చేసే పని ఏమిటో చూద్దాం. గట్టు మీంచి చేలోకి దూకేటప్పుడు మనం మోకాళ్లు వంచుతాం. బిగబట్టి దూకితే నడుం పట్టేస్తుంది. విమానం కాలూ అంతే. నిలబెట్టడం దాని చిన్న పని, దిగేటప్పటి దెబ్బను వంగి మింగడం పెద్ద పని. చాలామంది "ఎంత బరువు మోస్తుంది?" అని అడుగుతారు. "ఎంత వంగి ఎంత శక్తి మింగుతుంది?" అని అడగాలి.

లెక్క వేద్దాం. అమెరికా వాళ్ల పాత చిన్న విమానాల నిబంధనల్లో దీనికో సూత్రం ఉంది. మన కొలతల్లోకి మారిస్తే ఇలా వస్తుంది: చదరపు మీటరు రెక్కకు ఎన్ని కిలోలు పడుతుందో చూసి, దానికి వర్గమూలం తీసి, 4.14తో గుణించండి. అన్ని సెంటీమీటర్ల ఎత్తు నుంచి విమానాన్ని వదిలేసినట్టు. మీది 450 బై 12, అంటే 37.5. వర్గమూలం 6.12. ఎత్తు 25 సెంటీమీటర్లు చిల్లర. సెకనుకు 2.2 మీటర్ల వేగంతో నేలకు తగిలినట్టన్నమాట. తగిలే క్షణంలో బరువులో మూడింట రెండొంతులు ఇంకా రెక్కే మోస్తోందని ఒప్పుకుంటారు.

ఇప్పుడు చూడండి. ఆ పడిపోయే వేగాన్ని, విమానం బరువుకు 4 రెట్లు మించని దెబ్బతో ఆపాలంటే, టైరూ కాలూ కలిసి చక్రం ఇరుసు 15 సెంటీమీటర్లు పైకి జరగాలి. 3 రెట్లతోనే ఆపాలంటే 22 సెంటీమీటర్లు. "మా కాలు ఉక్కు స్తంభం, రెండు సెంటీమీటర్లు కూడా కదలదు" అని గొప్ప చెప్పుకుంటే దెబ్బ 20 రెట్లు దాటిపోతుంది. అప్పుడు కాలు బాగానే ఉంటుంది. కాలు బిగించిన చోట ట్యూబులు చిరుగుతాయి, ఆ తరవాత వంతు సీట్లో కూర్చున్నవాడి వెన్నుపూసది.

కాబట్టి కమానే కావాలి. ఈ సంగతి మనకన్నా ముందు కనిపెట్టినవాడు స్టీవ్ విట్‌మన్ అని అమెరికాలో ఆష్‌కాష్ ఊళ్లో ఉండే రేసు విమానాల మనిషి. అప్పట్లో చిన్న విమానాలకు గొట్టాలు త్రికోణంగా అతికి, మధ్యలో రబ్బరు బంజీ తాళ్లు చుట్టేవారు. ఈయన అదంతా పీకేసి ఒక్క చదును స్ప్రింగు ఉక్కు పట్టీ పెట్టాడు. కీళ్లు లేవు, గ్రీజు లేదు. సెస్నా కంపెనీ ఆ హక్కు కొనుక్కుని, 1946లో తెచ్చిన 120, 140 విమానాలకు అదే పెట్టింది. మీ ప్లాన్లో ఉన్నది ఆ వంశపు కాలే.

ఇక లారీ పట్టీ. అది ఎన్ని లక్షల గుంతలు తిన్నదో ఎవరికీ తెలీదు. ఉక్కుకు అలసట ఉంటుంది, పైకి కనబడదు. పట్టీ మీద తుప్పు తిన్న గుంటలుంటాయి, ఒక్కో గుంటా ఒక పగులుకు విత్తనం. పైగా లారీలో ఒక్క పట్టీ విరిగినా కట్టలో మిగతావి మోస్తాయి, డ్రైవరు టీ తాగి వచ్చి నెమ్మదిగా రావులపాలెం చేరుకుంటాడు. మీకున్నది ఒక్కో పక్కా ఒక్క పట్టీ. ఇంకో సంగతి: కమాను కట్టలో పట్టీలు ఒకదాన్నొకటి రాసుకుని ఊపును చంపుతాయి. ఒంటి పట్టీలో ఆ రాపిడి లేదు, తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే ఈ రకం కాళ్ల మీద బిగువుగా దిగితే విమానం బంతిలా లేస్తుంది. ఆ ఊపును కొంత చంపేది టైర్లే. కాళ్లు విచ్చుకున్నప్పుడు అవి పక్కకు నేలను రాసుకుంటాయి కదా, అది.

అయితే ఆ షాపాయనను వదులుకోకండి. ఆయన చేతిలో వంచే విద్య ఉంది. 6150కి మన దేశంలో దగ్గరి చుట్టం ఈఎన్ 47, క్రోము వనేడియం ఉక్కు. 50 సీఆర్‌వీ 4 అనీ అంటారు. కొత్త బారు, మెత్తగా ఉన్న దశలో, మిల్లు సర్టిఫికెట్టుతో తీసుకోండి. ప్లాన్లో ఉన్న కొలతకు షేపింగు, గ్రైండింగు అయ్యాక ఎర్రగా కాల్చి ఆయన చేత వంపు పెట్టించండి. ఆ తరవాతే హీట్ ట్రీట్‌మెంటు: సుమారు 850 డిగ్రీలకు వేడి చేసి నూనెలో ముంచడం, మళ్లీ 450 దరిదాపుల్లో టెంపరింగు, అంటే పెళుసు పోవడానికి మళ్లీ వేడి చేయడం. రాక్‌వెల్ సి అనే గట్టిదనం కొలత మీద నలభైల మధ్యలో రావాలి. కాల్చినప్పుడు పైపొరలో కార్బను పోయి ఉక్కు మెత్తబడుతుంది, ఆ పొరను చివర్లో గ్రైండింగులో తీసేయాలి. కాబట్టి ముందే అర మిల్లీమీటరు ఎక్కువ ఉంచుకోండి.

నా మొదటి జతను ఒక ఫర్నేసు వాళ్లు పొయ్యిలో పడుకోబెట్టి కాల్చారు. ఒకటి అరటి దొప్పలా మెలి తిరిగింది. రెండోది చూడ్డానికి బాగుంది కానీ ఒక చివర 46, రెండో చివర 38 చూపించింది. నిలువుగా వేలాడదీసి కాల్చమని నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. రెండు కాళ్లూ ఇప్పుడు మా గేటుకు గడియలుగా పనికొస్తున్నాయి. మీరు మాత్రం గట్టిదనాన్ని కనీసం ఐదు చోట్ల కొలిపించి కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: సార్, ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. ప్రాజెక్టుగా చిన్న విమానం కాలు డిజైన్ చేస్తున్నాం. 6061 అల్యూమినియం పలక సులువుగా దొరుకుతోంది, 7075 ఖరీదు. మందం పెంచి 6061తోనే సరిపెట్టొచ్చు కదా?
(విద్యార్థి, కాకినాడ)

మందం పెంచితే బరువు మోస్తుంది బాబూ, దెబ్బ మింగదు. పై ఉత్తరంలో విమానాన్నే తీసుకుని నేను వేసిన లెక్క ఇస్తాను, మీ మాస్టారికి చూపించు. కాలు పొడవు 85 సెంటీమీటర్లు, ఇరుసు విమానం పక్క నుంచి 70 సెంటీమీటర్లు బయటికి, పట్టీ వెడల్పు 10 సెంటీమీటర్లు, మొదలు నుంచి చివరిదాకా ఒకే మందం అనుకుందాం. 4 రెట్ల దెబ్బను రెండు చక్రాలూ పంచుకుంటే ఒక్కో చక్రం మీద పడేది 8,800 న్యూటన్లు.

స్ప్రింగు ఉక్కు అయితే 18 మిల్లీమీటర్ల మందం చాలు. 11 సెంటీమీటర్లకు పైగా వంగుతుంది. కాలు బరువు 12 కిలోలు. 7075-టీ6 (టీ6 అంటే హీట్ ట్రీట్‌మెంటుతో గట్టిపరిచిన దశ) అయితే 28 మిల్లీమీటర్లు, వంపు తొమ్మిదిన్నర, బరువు ఆరున్నర కిలోలు. సగానికి సగం తగ్గింది చూడు. ఇక నీ 6061-టీ6: విరక్కుండా, శాశ్వతంగా వంగిపోకుండా ఉండాలంటే 39 మిల్లీమీటర్లు కావాలి. అంత మందానికి వంపు మూడున్నర సెంటీమీటర్లే. వంపు తగ్గితే దెబ్బ పెరుగుతుంది, దెబ్బ పెరిగితే మళ్లీ మందం పెంచాలి, మందం పెంచితే వంపు ఇంకా తగ్గుతుంది. కుక్క తన తోకను తరుముతున్నట్టు తిరుగుతూ ఉంటావు.

కారణం సూత్రంలోనే ఉంది. స్ప్రింగు దాచుకోగల శక్తి, లోహం తట్టుకునే ఒత్తిడి వర్గాన్ని దాని స్థితిస్థాపక గుణకంతో భాగిస్తే వచ్చేదాని మీద ఆధారపడుతుంది. రెండు అల్యూమినియాలకూ గుణకం దాదాపు ఒకటే, తట్టుకునే ఒత్తిడి మాత్రం ఒకదానిది రెండో దానికి సగమే. సగానికి వర్గం పావు.

ప్రాజెక్టులో ఇంకో ముక్క కలుపు, మార్కులు పడతాయి. ఒకే మందం, ఒకే వెడల్పు పట్టీలో మొదలు దగ్గరే ఒత్తిడి పూర్తిగా ఉంటుంది, చివర లోహం ఊరికే కూర్చుని భోంచేస్తుంది. చివరికి పోయేకొద్దీ సన్నగా, కొబ్బరి మట్టలా చెక్కుకుంటూ పోతే, ఒత్తిడి అంతటా సమానమై అదే బరువు లోహం ఎక్కువ శక్తి మింగుతుంది. లెక్క ప్రకారం మూడు రెట్ల దాకా. ఇరుసు బిగించడానికి చివర కొంత లోహం ఉండాలి కాబట్టి మూడు రాదు, రెండు వచ్చినా గొప్పే.

7075 కొంటే అది టీ6 దశలో చల్లగా వంగదని గుర్తుంచుకో, పగులుతుంది. మెత్తని దశలో వంచి తరవాత హీట్ ట్రీట్‌మెంటు చేయించాలి. లేదా వంపు లేకుండా తిన్నని పట్టీలే వాడి, విమానం వైపు బిగింపును వాలుగా పెట్టుకోవాలి. నేనయితే రెండోదే చేస్తాను.

ప్రశ్న: మాది ఫైబరు బోట్లు చేసే యార్డు. వేటకు పోయే బోట్లు అలల మీద ఎలా ఎగిరి పడతాయో మీకు తెలుసు, అయినా మా ఫైబరు చీలదు. ఒకాయన విమానం కాళ్లు ఫైబరుతో చేసిపెట్టమని అడుగుతున్నాడు. మేం చేస్తే నిలబడతాయా?
(ఒక పాఠకుడు, నరసాపురం)

ఈ నెల వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చిన ఉత్తరం మీదేనండి. ఫైబరు కాళ్లు మంచి దారి. బర్ట్ రూటన్ గీసిన వేరీఈజీ, లాంగ్ఈజీ విమానాలకు వెనక కాళ్లు గాజు ఫైబరువే, వాటి మీద వేలసార్లు దిగారు జనం. పైన కుర్రాడికి వేసిన లెక్కే గాజు ఫైబరుతో వేస్తే, 30 మిల్లీమీటర్ల మందంతో పదమూడున్నర సెంటీమీటర్లు వంగే కాలు ఐదు కిలోల లోపే వస్తోంది. ఉక్కుకు 12, గుర్తుందిగా.

కానీ మీ యార్డులో ఉన్న సరుకుతో కాదు. మీరు బోటుకు వాడేది పాలిస్టరు రెసిను, ముక్కలు చల్లినట్టుండే మ్యాటు. మ్యాటులో పోగులు అన్ని దిక్కులకూ పోతాయి. బోటు అడుగుకు అదే కావాలి, దెబ్బ ఎటునుంచైనా రావచ్చు. కాలికి దెబ్బ వచ్చే దిక్కు ఒక్కటే. అందుకని పోగులన్నీ మొదలు నుంచి చివరిదాకా తెగకుండా, దువ్విన జుట్టులా ఒకే దిక్కున పోవాలి. ఒకే దిక్కు రోవింగు (పొడవాటి పోగుల కట్టలు), ఎపాక్సీ రెసిను. మీ లెక్కకు ఇంత మందమేమిటి అనిపిస్తుంది, కానీ ఒక్కో కాలికి పదుల పొరలు పడతాయి. బ్రేకు వేసినప్పుడు కాలు మెలి తిరగకుండా, ఆపైన 45 డిగ్రీల ఏటవాలులో అటూ ఇటూ రెండు మూడు పొరల గుడ్డ చుట్టాలి. పొరలన్నీ ఒకే రోజు వేయబోకండి. అంత మందం ఎపాక్సీ ఒక్కసారి గట్టిపడితే లోపల వేడెక్కి పొగలొస్తుంది.

జూలై నుంచి అక్టోబరు దాకా ఈ పని ముట్టుకోకండి. మన గాలిలో చెమ్మకు ఎపాక్సీ మీద జిడ్డు పొర కడుతుంది, దాని మీద వేసిన తరవాతి పొర పట్టుకోదు. పైకి అద్దంలా మెరుస్తుంది, లోపల ఉల్లిపాయలా విడివిడిగా ఉంటుంది. వేసవి పొద్దుట పూటలు మంచివి.

ఇంకో రెండు శత్రువులున్నాయి. ఒకటి బ్రేకు వేడి. డిస్కు పక్కనే కాలు ఉంటే ఎపాక్సీ మెత్తబడుతుంది, మధ్యలో రేకు అడ్డం పెట్టి, కాలి చివర వేడి ఆపే పొర చుట్టాలి. రెండోది మన మే నెల ఎండ. నల్ల రంగో ముదురు ఎరుపో వేసి ఎండలో నిలబెట్టారంటే, విమానం బరువుకు కాళ్లు నెలల తరబడి నెమ్మదిగా విచ్చుకుంటూ పోతాయి, ముసలి ఎద్దు కాళ్లలాగ. తెల్ల రంగు తప్ప వేరే రంగు ఒప్పుకోకండి, ఆయన ఎంత బతిమాలినా సరే. వీలైతే గట్టిపడ్డాక రెసిను తయారీదారు చెప్పిన వేడిలో కొన్ని గంటలు ఉడకనివ్వండి, మెత్తబడే ఉష్ణోగ్రత ఇంకాస్త పైకి పోతుంది.

ఆయన దగ్గర ప్లాను లేకుండా "మీకు తోచినట్టు చేయండి" అంటే మాత్రం అడ్వాన్సు తిరిగిచ్చేయండి.

ప్రశ్న: బుల్లెట్ బండి వెనక షాకబ్జార్బర్లు పెట్టుకోవచ్చా? పాతవి నాలుగున్నాయి.
(ఒక పాఠకుడు, ద్రాక్షారామం)

షాకబ్జార్బరు ఊపును చంపుతుంది, ఆ మాటకొస్తే ఒంటి పట్టీ కన్నా మేలు. గొట్టాల త్రికోణానికి కీలు పెట్టి షాకబ్జార్బరు బిగించిన తేలిక విమానాలు ఉన్నాయి కూడా. కానీ కొత్త కీళ్లు, కొత్త బుష్షులు, కొత్త బురద. పాతవి నాలుగున్నాయి కాబట్టి పెడదాం అన్నదే మీ కారణమైతే, ఉన్న బండికే పెట్టండి.

ప్రశ్న: మాది సముద్రం ఒడ్డు. ఇనుము ఏదైనా రెండు వానాకాలాలకే రొట్టెలా రేగిపోతుంది. ఉక్కు కాళ్లకు జింకు ప్లేటింగు చేయిద్దామనుకుంటున్నాను. క్రోము అయితే ఇంకా అందంగా ఉంటుందంటున్నారు.
(ఒక పాఠకుడు, అంతర్వేది)

రెండూ వద్దండి. ఈ ఒక్క సంగతి ఈ పేజీ నుంచి కత్తిరించి షెడ్డు గోడకు అంటించుకోండి.

అంత గట్టిగా టెంపరు చేసిన ఉక్కును యాసిడ్లో ముంచి, కరెంటు పెట్టి ప్లేటింగు చేస్తే హైడ్రోజను లోహం లోపలికి చొరబడుతుంది. అప్పటినుంచి ఆ ఉక్కు గాజులాంటిది. ఒక రోజు విమానం ఊరికే నిలబడి ఉండగా, ఎవరూ ముట్టుకోకుండా, ఠప్పున విరుగుతుంది. ప్లేటింగు అయిన వెంటనే 190 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచితే ఆ హైడ్రోజను బయటికి పోతుంది, కానీ సైకిలు హ్యాండిళ్లకు క్రోము వేసే షాపులో ఆ పని చేస్తారని నమ్మకం పెట్టుకోలేం. తుప్పు వదిలించడానికి యాసిడ్లో నానబెట్టినా అదే ప్రమాదం. ఎమరీ పేపరు పట్టండి, ఎపాక్సీ ప్రైమరు వేయండి, పైన మంచి పెయింటు. బీచి గాలి తగిలే షెడ్డయితే నెలకోసారి మంచినీళ్లతో కడిగి తుడవండి.

ఎమరీ కూడా పట్టీ పొడవునా పట్టాలి, అడ్డంగా కాదు. అడ్డం గీత ప్రతిదీ పగులుకు దారి. కాలి కింది ముఖం లాగుడు పడే ముఖం, అక్కడ అద్దంలా ఉండాలి. అవకాశం ఉంటే షాట్ పీనింగు చేయించండి, చిన్న ఉక్కు గుళ్లతో కొట్టి పైపొరను నొక్కి ఉంచడం. పగులు మొదలవడం కష్టమవుతుంది.

నా సొంత తెలివితక్కువతనం కూడా చెప్పుకోవాలి. రెండో జత కాళ్లు చక్కగా వచ్చాయి. బ్రేకు గొట్టం వేలాడుతోందని, దానికి క్లిప్పు బిగించడానికి కాలికి ఐదు మిల్లీమీటర్ల రంధ్రం వేశాను. పద్దెనిమిదేళ్లు విమానాల దగ్గర పనిచేసినవాణ్ని, డ్రిల్లు చేతిలో ఉంటే బుర్ర పనిచెయ్యదు కాబోలు. ఇళ్లు లేని ఒక లేఅవుట్ రోడ్డు మీద నేల మీదే నడిపి చూస్తున్నాం. నాలుగో రోజు టీ తాగుతూ మా సహాయకుడు, "ఏటండి, ఎడమ పక్క వాలిందేటి?" అన్నాడు. రంధ్రం అంచు నుంచి పట్టీ సగం వెడల్పు దాకా పగులు పాకింది. గాల్లోకి లేవలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. ఇప్పుడు గొట్టాన్ని కాలికి టేపుతో చుట్టి ఉంచాను. అందంగా ఉండదు. ఉండక్కర్లేదు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా ఆయన ఆరు నెలలుగా హాల్లో విమానం బాడీ కడుతున్నారు. సోఫా డాబా మీదికెక్కింది. చక్రాలెప్పుడు పెడతారండీ అంటే, 'అవి చివర్న, ముందు ఇంజను సంగతి చూడాలి' అంటున్నారు. సంక్రాంతికి చుట్టాలొస్తారు. నిజంగా చక్రాలు చివర్నే పెట్టాలా?
(ఒక సోదరి, తణుకు)

అమ్మా, మీరడిగింది సరైన ప్రశ్న, మీ ఆయన చెప్పింది తప్పు జవాబు.

కాళ్లు బిగించే చోటే బాడీలో అన్నిటికన్నా గట్టి చోటు. బాడీ అతికేటప్పుడే అది అందులో ఉండాలి. తరవాత అతికిస్తానంటే అది గోడ కట్టాక పునాది తవ్వినట్టే. చక్రం ఎక్కడ నేలను తాకాలన్నది కూడా ముందే తేలాలి. తోక చక్రం విమానమైతే, విమానం సమంగా ఉన్నప్పుడు బరువు కేంద్రం నుంచి చక్రం తాకే చోటుకు గీసిన గీత, నిలువు గీతకు 15 నుంచి 20 డిగ్రీలు ముందుకు వాలాలి. తక్కువైతే బ్రేకు వేయగానే ముక్కు మీద బోర్లా పడుతుంది. మరీ ఎక్కువైతే తోక లేవనని మొండికేస్తుంది, నేల మీద గిర్రున తిరిగిపోతుంది. సమంగా ఉన్నప్పుడు ఇంజను ఫ్యాను (ప్రొపెల్లరు) రెక్క చివరకూ నేలకూ మధ్య కనీసం 23 సెంటీమీటర్లు ఉండాలి, అదీ కాలు పొడవును బట్టే. ఇంజను బరువు మారితే ఇవన్నీ మారతాయి, కాబట్టి ఆయన ఇంజను గురించి ఆలోచించడం మంచిదే, కానీ రెండూ కలిపి ఆలోచించమనండి.

చక్రాలు ముందే పెడితే మీకో లాభం ఉంది. బాడీని పండగ నాలుగు రోజులూ వాకిట్లోకి తోసేయొచ్చు. దానికి ముందు మీ వీధి తలుపు వెడల్పు ఒకసారి కొలవండి. ఆయన కొలిచి ఉండరని నా అనుమానం.

విమానాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ అనుమతి కాగితాలు ఎక్కడిదాకా వచ్చాయో కూడా అడగండి. అవి లేకుండా విమానం హాల్లో ఎంతకాలం ఉన్నా ఫరవాలేదు, గాల్లో ఒక్క నిమిషం ఉండకూడదు.

ప్రశ్న: మీరు చెప్పినట్టే లెక్కలు వేశాం, కాళ్లు చేయించాం. ఇవి నిజంగా తట్టుకుంటాయని ఎగరకుండా తెలుసుకునేదెలా? మా మావయ్యగారికి రైసు మిల్లుంది, చైన్‌బ్లాకు, కాటా ఉన్నాయి.
(ఒక పాఠకుడు, మండపేట)

రైసు మిల్లు కన్నా మంచి పరీక్షశాల లేదండి. నాదీ మిల్లులోనే జరిగింది, ధాన్యం సీజను అయిపోయాక, తవుడు వాసనలో.

విమానాన్ని పైకెత్తి కింద పడేయడమే ఈ పరీక్ష. రెక్కలు బిగించక్కర్లేదు. కానీ ఒక మెలిక ఉంది: నిజంగా దిగేటప్పుడు రెక్క బరువులో మూడింట రెండొంతులు మోస్తుంది, మిల్లులో మోయదు. అందుకని తక్కువ బరువుతో పడేయాలి. ఎంత తక్కువ? పడే ఎత్తుకు, చక్రం పైకి జరిగే దూరంలో మూడో వంతు కలపండి. దాన్ని, ఎత్తూ పూర్తి దూరమూ కలిపిన మొత్తంతో భాగించి, అసలు బరువుతో గుణించండి. అంబాజీపేట వారి విమానానికి 25.4 సెంటీమీటర్ల ఎత్తు, 15 సెంటీమీటర్ల కదలిక అనుకుంటే 30.4 బై 40.4. సుమారు 340 కిలోలు. 450 పెట్టి పడేస్తే మంచి కాలును కూడా అన్యాయంగా చంపుతారు. ఆ 340 కిలోల బరువును బస్తాలతో సరిచేసుకోండి, బరువు కేంద్రం దగ్గర, సీట్లు ఉండే చోట బిగించి. కాటా ఉంది కదా, ఊహించకండి, తూచండి.

చక్రాల కింద మాత్రం జాగ్రత్త. పడ్డప్పుడు కాళ్లు పక్కలకు విచ్చుకోవాలి. సిమెంటు గచ్చు మీద టైరు పట్టుకుని కదలనివ్వకపోతే, లేని గట్టిదనం ఉన్నట్టు కనిపిస్తుంది, కాలి మీద లేనిపోని మెలి పడుతుంది. ఒక్కో చక్రం కింద రెండు రేకులు, మధ్యలో గ్రీజు బాగా పూయండి.

వదిలేసే కొక్కెం ఒక్క తాడు లాగితే ఊడిపోయేలా ఉండాలి, చైన్‌బ్లాకు గొలుసుతో నెమ్మదిగా దింపడం పరీక్ష కాదు. ముందు 8 సెంటీమీటర్ల నుంచి, తరవాత 15, తరవాత పూర్తి ఎత్తు. ప్రతిసారీ రెండు ఇరుసుల మధ్య దూరం టేపుతో కొలిచి రాయండి. ముందున్న కొలతకే తిరిగొస్తే స్ప్రింగు. రెండు మిల్లీమీటర్లయినా ఎక్కువై అలాగే ఉండిపోతే అది వంగిపోయిన ఇనుము, మెత్తగా ఉందన్నమాట, మళ్లీ ఫర్నేసుకు. చక్రం ఎంత పైకి జరిగిందో తెలియడానికి ఇరుసుకు ఒక చాక్‌పీసు కట్టి, పక్కన నల్ల పలక నిలబెట్టండి, అదే గీత గీసుకుంటుంది. సెల్‌ఫోన్లో నెమ్మదిగా తిరిగే వీడియో తీస్తే ఇంకా బాగుంటుంది, కానీ నాకు చాక్‌పీసు మీదే నమ్మకం.

అయ్యాక కాళ్లు ఊడదీసి, బిగింపు పట్టీ అంచు దగ్గర, బోల్టు రంధ్రాల చుట్టూ, కింది ముఖం మీద డై పెనిట్రెంట్ కొట్టి చూడండి. ఎర్ర రంగు చల్లి, తుడిచి, తెల్ల పొడి చల్లితే పగులున్న చోట ఎర్ర గీత తేలుతుంది. నాలాగా రంధ్రం వేస్తే తప్ప, కాలు మామూలుగా విరిగేది మధ్యలో కాదు, బిగించిన అంచు దగ్గరే. ఆ అంచును కొద్దిగా గుండ్రంగా చేసి, మధ్యలో పలచని అల్యూమినియం రేకో, గట్టి ఫైబరు షీటో పెట్టండి.

మావయ్యగారు ఆ రోజు మిల్లులో ఉండకుండా చూసుకోండి. మా మిల్లు యజమాని మొదటి దెబ్బకే "ఇంక చాలు, గచ్చు పగుల్తాది" అని కరెంటు తీసేశాడు. గచ్చుకేమీ కాలేదు.

ప్రశ్న: చిన్న చక్రాలు చాలా, పెద్దవి కావాలా? విమానం దిగే స్ట్రిప్పు కోసం మా చేనే చదును చేశాం. నల్ల నేల. చక్రాలకు తొడుగులు పెడితే వేగం పెరుగుతుందని చదివాను.
(ఒక పాఠకుడు, ముమ్మిడివరం)

మామూలుగా వాడేది 5.00-5 టైరు, వ్యాసం 14 అంగుళాలు. తారు రోడ్డుకు అది బాగుంటుంది. మీ నల్లరేగడికి 6.00-6 పెట్టండి, పదిహేడున్నర అంగుళాలు, గాలి కాస్త తక్కువ కొట్టి. టైరు మింగే దెబ్బ కాలికి వెళ్లదు, అది ఉచితంగా వచ్చే స్ప్రింగు.

చక్రాలు నిలువుగా ఉన్నాయా, ముందుకు తిన్నగా చూస్తున్నాయా అన్నది ఖాళీ విమానం మీద చూడకండి. ఖాళీగా ఉన్నప్పుడు కాళ్లు కొంచెం లోపలికి ముడుచుకుని ఉంటాయి, మనుషులెక్కితే విచ్చుకుంటాయి. బస్తాలు వేసి, గ్రీజు రేకుల మీద నిలబెట్టి, అప్పుడు దారం పట్టి చూసి, తేడా ఉంటే ఇరుసు వెనక వాలు షిమ్ము (ఒక పక్క పలచగా ఉండే రేకు) పెట్టి సరిచేయండి.

తొడుగుల మాటకొస్తే, తొలకరి పడ్డాక మీ చేలో ఒకసారి స్కూటరు నడిపి, మడ్‌గార్డు లోపల చెయ్యి పెట్టి చూడండి. ఆ మట్టి విమానం చక్రాన్నీ అలాగే పట్టేస్తుంది, గాల్లో ఉండగా మీకు తెలీదు, దిగాక తెలుస్తుంది. డిసెంబరు నుంచి మే దాకా తొడుక్కోండి, జూన్ రాగానే ఊడదీసి అటక మీద పెట్టండి.